‘వాక్యంలో టెన్స్ మారకూడదు’: ఈ సూత్రం ఎంతవరకు నిజం?

ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షకు చదువుతున్న చెల్లెమ్మ పెట్టిన ప్రశ్న చూశాను. ‘ద మేనేజర్ సెడ్ దట్ హి విల్ సైన్ ద ఫైల్ ద నెక్స్ట్ డే’ అనే వాక్యంలో ‘విల్ సైన్’ కింద గీత ఉంది, గీత ఉన్న భాగాన్ని సరిచేయాలి. జవాబు ‘వుడ్ సైన్’. సంతకం మర్నాడు పెట్టబోతున్నప్పుడు ‘విల్’ ఎందుకు తప్పయిందని ఆమె అడిగారు. కింద చాలామంది ‘వాక్యంలో టెన్స్ మారకూడదు, అంతే’ అని తేల్చేశారు.

ఆ మాట బట్టీ పట్టి హాల్లోకి వెళితే రెండో ప్రశ్న దగ్గరే దెబ్బ తింటాం. ‘ఐ మెట్ హిమ్ లాస్ట్ ఇయర్ అండ్ వుయ్ ఆర్ స్టిల్ ఫ్రెండ్స్’ చూడండి. టెన్స్ మారింది, వాక్యం సలక్షణంగా ఉంది. కలిసింది పోయినేడు, స్నేహం ఇవాళ్టికీ ఉంది. ఏది ముందో ఏది తర్వాతో ఆ వరస చెడనంత వరకు టెన్స్ ఎన్నిసార్లు మారినా ఇబ్బంది లేదు. కారణం లేకుండా మారితేనే తప్పు.

మరి ‘విల్’ సంగతి? ఇక్కడ మన తెలుగు ‘అని’ గురించి చెప్పుకోవాలి. బడిలో ప్రత్యక్ష కథనాన్ని పరోక్షంలోకి మార్చడం అందరం చేశాం. ‘‘నేను రేపు వస్తాను’’ అని రవి అన్నాడు. దాన్ని మారిస్తే: తాను మర్నాడు వస్తానని రవి అన్నాడు. ‘నేను’ పోయి ‘తాను’ వచ్చింది, ‘రేపు’ పోయి ‘మర్నాడు’ వచ్చింది, ‘వస్తాను’ మాత్రం కదల్లేదు. తెలుగులో అన్న మాట అన్నవాడి కాలంలోనే ఉండిపోతుంది. ఇంగ్లీషులో అది చెప్పేవాడి కాలంలోకి జరుగుతుంది. ముందు ‘సెడ్’ వచ్చిందంటే ‘విల్’ ‘వుడ్’ అవుతుంది, ‘ఈజ్’ ‘వాజ్’ అవుతుంది, ‘హ్యావ్’ ‘హ్యాడ్’ అవుతుంది. మనకి పుట్టుకతో వచ్చిన వ్యాకరణంలో ఈ జరగడం లేదు కాబట్టే ‘సెడ్... విల్’ చదివితే చెవికి తప్పనిపించదు. తెలివి తక్కువై పొరబడటం లేదు, ఆ సంగతి ముందు మనసులో పెట్టుకోండి. ఇందులో ఒక మినహాయింపు ఉంది, పరీక్ష పెట్టేవాళ్లకి అదంటే మహా ఇష్టం. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని టీచర్ చెప్పారు అనే వాక్యంలో ‘సెడ్’ ఉన్నా ‘గోస్’ అలాగే ఉంటుంది, ఎప్పటికీ నిజమైన సంగతి కనుక.

ఇంకో చిక్కు మన అసమాపక క్రియలతో వస్తుంది. ‘పొద్దున్నే లేచి, స్నానం చేసి, బడికి వెళ్లాడు.’ లేచి, చేసి అనే వాటికి సొంతంగా కాలం లేదు. చివర ‘వెళ్లాడు’ అంటే అంతా నిన్నటిది, ‘వెళ్తాడు’ అంటే రోజూ చేసే పనో రేపటి పనో అవుతుంది. ఒక్క క్రియే వాక్యం మొత్తానికీ కాలం చెబుతుంది. ఇంగ్లీషులో ‘అండ్’తో ముడేసిన ప్రతి క్రియా తన కాలం తనే చెప్పుకోవాలి. పైగా కథ చెప్పేటప్పుడు మనం ‘తలుపు తీశాడు, చూస్తాడు కదా, లోపల పాము’ అని హాయిగా కాలం మార్చేస్తాం. ఆ అలవాటుతో ‘హి ఓపెన్డ్ ద డోర్ అండ్ సీస్ ఎ స్నేక్’ కూడా బాగానే ఉందనిపిస్తుంది. అక్కడ ‘సా’ ఉండాలి.

‘వాన వస్తే మ్యాచ్ ఆగిపోతుంది’లో ‘వస్తే’ కూడా ఇలాంటిదే, బడి వ్యాకరణంలో చేదర్థకం అంటారు. దానికీ కాలం లేదు. కానీ రేపటి ముచ్చట కదా అని ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనేస్తాం. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ద మ్యాచ్ విల్ స్టాప్’ అనాలి. కాలాన్ని చెప్పే ‘వెన్’, ‘అన్‌టిల్’ తర్వాత కూడా అంతే.

‘అనుమానం వస్తే హ్యాడ్ పెట్టేయడం సేఫ్’ అని ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి అలా చేయకండి. ‘ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి యెస్టర్‌డే’ మన దగ్గర రోజూ వినిపించేదే, పరీక్షలో మాత్రం తప్పు. ‘వెంట్’ చాలు. జరిగిపోయిన పనులు రెండుండి, వాటిలో ఏది ముందో చూపాల్సి వచ్చినప్పుడే ‘హ్యాడ్’కి పని. ‘మేం స్టేషన్‌కి వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది’ అంటాం. ఆ ముందువెనకలు ‘సరికి’ చూసుకుంటుంది కాబట్టి క్రియకి అదనపు బరువు ఉండదు. ఇంగ్లీషులో ‘బై ద టైమ్’ ఉన్నా ‘ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్’ అనే రాయాలి.

ఇక హాల్లో ఏం చేయాలి? గీత లేని క్రియని మార్చే హక్కు మనకి లేదు. అందుకే ముందు దాన్ని చూడండి, వాక్యం ఏ కాలంలో నిలబడిందో అదే చెబుతుంది. తప్పు ఏ భాగంలో ఉందో పట్టుకోమనే ప్రశ్నలో గీత ఉండదు. అక్కడ యెస్టర్‌డే, సిన్స్, బై ద టైమ్ లాంటి కాలం మాటల్ని వెతకండి. ‘సిన్స్ 2019’ కనబడి, ఆ పని ఇప్పటికీ నడుస్తోందని వాక్యం చెబుతుంటే, ‘ఐ యామ్ లివింగ్’ కాస్తా ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్’ కావాలి.

ఎంబీఏ ప్రవేశాలకి రాసే జీమ్యాట్ పరీక్షకి చదివేవాళ్లకి ఒక మాట. 2023 నవంబరులో మొదలైన కొత్త పద్ధతిలో సెంటెన్స్ కరెక్షన్ ప్రశ్నలు, అంటే ఇలా గీత ఉన్న భాగాన్ని సరిచేయమనేవి, తీసేశారు. పాత పుస్తకాల్లో ఆ భాగం మీద మీరు టైమ్ పెట్టక్కర్లేదు. బ్యాంకు, ఎస్ఎస్‌సీ వాళ్లు మాత్రం అవే పుస్తకాలతో నిక్షేపంగా సాధన చేసుకోవచ్చు.

‘హి సేస్ దట్ హి వాజ్ ఇల్ యెస్టర్‌డే’లో తప్పెక్కడుందని ఇందాక ఒకరు అడిగారు. తప్పేం లేదండీ. ‘సేస్’ వర్తమానంలో ఉంది కనుక ‘దట్’ తర్వాత అవసరమైన కాలం ఏదైనా రావచ్చు. జబ్బు నిన్నటిది, కాబట్టి ‘వాజ్’ సరిగ్గా సరిపోయింది. ధైర్యంగా ‘నో ఎర్రర్’ పెట్టండి.