సినిమా పాటలు కాకుండా మీరు రోజూ వినే పాటలేంటి? ఏ టైంలో వింటారు?

వశిష్ఠరేవు:

నమస్తే అండి అందరికీ. మాది సఖినేటిపల్లి, ఉద్యోగం నరసాపురంలో. పొద్దున్న స్కూటీని గోదావరి దాటించే పంటు మీదకి ఎక్కించడం, సాయంత్రం మళ్ళీ ఎక్కించి తెచ్చుకోవడం, వరదలొచ్చి పంటు ఆపేస్తే చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగి రావడం, ఇదీ మన డైలీ సీరియల్. పంటు అవతలి ఒడ్డున ఉందంటే ఇవతల మనం చేసేదేం ఉండదు కదా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడతా.

ఇన్నాళ్ళూ సినిమా పాటలే వినేదాన్ని. ఈమధ్య మా తమ్ముడు ఓ ప్లేలిస్టు పంపాడు, అన్నీ ఇండీ పాటలంట, అంటే సినిమాలతో పని లేకుండా సొంతంగా చేసుకునేవి. మొదట్లో అస్సలు ఎక్కలేదు, ఎవడో జ్వరమొచ్చి నిద్దట్లో మూలుగుతున్నట్టు ఉంది ఇదేం పాటరా అని వాడికే మెసేజ్ పెట్టా. కానీ వినగా వినగా ఓ సంగతి గమనించానండి. సినిమా పాట మొదలైతే చాలు హీరో వచ్చేస్తాడు, వెనకాల డాన్సర్లు వచ్చేస్తారు, మంచు కొండలు వచ్చేస్తాయి, మనం చేపల గంపల మధ్య నిలబడి ఉన్నా సరే. ఈ పాటలకి అలా ముందే చూసేసిన బొమ్మ లేదు, అందుకని వినేటప్పుడు నా ఎదురుగా ఏముంటే అదే ఆ పాటకి బొమ్మ అయిపోతోంది. అనువ్ జైన్ అని ఒకాయన బారిషే అని పాడాడు, 2018 పాట, హిందీ. అది వచ్చిందంటే ఇప్పుడు నాకు గోదాట్లో గుర్రపుడెక్క గుబుర్లు గుబుర్లుగా కొట్టుకుపోవడం, పంటు తాడు విప్పి చివరి నిమిషంలో లోపలికి గెంతే కుర్రాడు, ఇవే కనిపిస్తాయి. ఆ పాడినాయనది లుధియానా అంట, గుర్రపుడెక్క సంగతి ఆయనకేం తెలుసు పాపం.

ఇంక ఒకటే కంప్లైంట్, పాట మంచి చోటికి వచ్చేసరికి అవతలి ఒడ్డు వచ్చేస్తుంది, వెనకాల ఆటోవాడు హారన్ కొట్టేస్తాడు.

సరే మీరేం వింటారో చెప్పండి. తెలుగువి ఉంటే ముందు అవే చెప్పండి. లింకులు వద్దు, పేరు చెప్తే వెతుక్కుంటా. పాటలు తెలియని వాళ్ళు ఊరికే కబుర్లు చెప్పినా పర్లేదు.


చెరువుగట్టు:

ఆయ్, మంచి మాట ఎత్తారండి. మాది భీమవరం దగ్గర, రొయ్యల చెరువులు. రాత్రిళ్ళు గట్టు మీద షెడ్డులోనే పడక. నేను ఒక్క చెవిలోనే పెడతానండి ఇయర్‌ఫోన్, రెండోది ఖాళీగా ఉంచాలి, చెరువు నీళ్ళల్లో గాలి కలిపే ఏరియేటర్ల కోసం. ఆ చక్రాల చప్పుడు ఆగిందంటే కరెంటు పోయిందని లెక్క, పరిగెత్తుకెళ్ళి జనరేటర్ ఎయ్యాలి, కాసేపు కునుకు తీశామా నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలిపోద్ది, అప్పుడింక పాటలు కాదు ఏడుపులే. అందులోనూ తెల్లారుజామున ఆక్సిజన్ బాగా తక్కువుంటది, నాకు నిద్రొచ్చేదీ సరిగ్గా అప్పుడే, అందుకే పాటలు.

నా ఓటు ఫిష్ రాక్‌కి అండి. కేరళ బ్యాండు తైక్కుడం బ్రిడ్జ్ వాళ్ళది. నాకు మలయాళం ముక్క రాదు, కానీ పాట నిండా చేపల పేర్లే అని తెలిశాక ఇష్టం పెరిగిపోయింది. ఎవడన్నా మన కుర్రోడు పులస, పండుగప్ప, కొర్రమీను, బొమ్మిడాయి, చందువ అన్నీ వరసబెట్టి అలాంటిది ఒకటి కడితే చూడాలనుంది, పాటయ్యాక పులుసు ఎలా పెట్టాలో కూడా చెప్పేస్తే ఇంకా మంచిది. చేపల పేర్లు నేనిస్తా, ట్యూను మీరు చూసుకోండి.

ఇంకోటి ఇండియన్ ఓషన్ వాళ్ళ మా రేవా. 2000లో వచ్చిన కందీసా ఆల్బమ్‌లోది. నర్మదా నది మీద పాట. నీళ్ళ పక్కన వింటే వేరే లెవెల్ అండి బాబూ. కాకపోతే ఒక చెవితో వింటాను కాబట్టి కొన్ని వాయిద్యాలు అటు చెవిలోకి పోయి నాకు వినపడవు, సగం పాటే విన్నట్టు ఉంటది.


పాతరేడియో:

నిడదవోలు నుంచి. రిటైర్డ్ తెలుగు మాస్టారిని. పిల్లలు ఇండీ ఇండీ అంటుంటే ఏదో కొత్తగా అమెరికా నుంచి దిగిందనుకుంటున్నారేమో అని రాస్తున్నాను. సినిమాతో పని లేకుండా పాట రాసి, బాణీ కట్టి, పాడి, రికార్డు చెయ్యడం మన తెలుగువాళ్ళకి ఎప్పట్నుంచో ఉన్న అలవాటే. ప్రైవేటు పాటలు అనేవాళ్ళం, రేడియోలో లలిత గీతాలు అనేవాళ్ళు.

మా ఊళ్ళో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు ఏం చేశారు? పాట ఆయనే రాసేవారు, బాణీ ఆయనే కట్టేవారు, పాడేవారు కూడా. 1947 ఆగస్టు 15న మద్రాసు రేడియోలో వచ్చిన మాదీ స్వతంత్ర దేశం ఆయనదే, పాడింది టంగుటూరి సూర్యకుమారి, రాజమండ్రి ఆవిడ. ఆ సూర్యకుమారే పాడిన మా తెలుగు తల్లికి మల్లెపూదండ తీసుకోండి. శంకరంబాడి సుందరాచారిగారు దాన్ని దీనబంధు సినిమాకి రాశారు, సినిమాలో పెట్టలేదు, తర్వాత ప్రైవేటు రికార్డుగా ఈవిడ పాడితే ఇంటింటికీ వెళ్ళింది. అంటే సినిమావాళ్ళు వద్దన్న పాట రాష్ట్ర గీతమై కూర్చుంది. ఇంతకంటే ఇండీ ఏముంటుంది చెప్పండి.

చెరువుగట్టు బాబూ, నీ నర్మద పాట మా మనవడు పెడితే విన్నాను, బాగుంది, కాదనను. కానీ గోదావరి పక్కన పుట్టి అడవి బాపిరాజుగారి ఉప్పొంగి పోయింది గోదావరి వినలేదంటే మాత్రం ఒప్పుకోను, ఆయన మీ భీమవరం ఆయనేనయ్యా. పెద్ద వరదలొచ్చినప్పుడు టీవీలో ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటింది మూడో ప్రమాద హెచ్చరిక అని కింద పరిగెడుతూ ఉంటుంది చూడు, లంకల్లో వాళ్ళు ఏమయ్యారో అని గుండె దడదడలాడుతూనే ఉంటుంది, నోట్లో ఆ పాట తిరుగుతూనే ఉంటుంది. రెండూ ఒకేసారి ఎలాగో నాకూ అర్థం కాదు.


కూకట్‌పల్లిలో_అమలాపురం:

మాస్టారూ దండాలండి, రాష్ట్ర గీతం పాయింటుకి మాత్రం ఫ్లాట్ 😀

నాది చౌరస్తా బ్యాండ్ ఊరెళ్ళిపోతా మామా. అందరికీ తెలిసిందే, కానీ హైదరాబాద్‌లో ఉన్న మనోడు ఎవడైనా దీన్ని దాటి ముందుకు వెళ్ళలేడు. దాంట్లో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోకి వెళ్ళిపోయాడు, 2021లో చిట్టి పాట, ఆ తర్వాత డీజే టిల్లు, ఊరు ఊరంతా ఊగిపోయింది. నాకు మాత్రం పాతదే. ఆఫీసు నుంచి మెట్రోలో వచ్చేటప్పుడు రోజూ వింటా, వింటున్నంతసేపూ రేపే రిజైన్ చేసేద్దాం కొబ్బరితోట చూసుకుందాం అనిపిస్తుంది. సంక్రాంతికి ఇంటికెళ్తే కనుమ సాయంత్రానికే నాన్న, తిరుగు టికెట్ కన్ఫర్మ్ అయిందా, కొబ్బరికాయ రేటు చూశావా, ఉద్యోగం జాగ్రత్త అంటాడు. ఊరెళ్ళిపోతా అంటే ఊరు రానివ్వాలి కదా మామా.

వశిష్ఠరేవు గారూ మీ థియరీకి నేను సగమే ఒప్పుకుంటా. ఇండీ పాటలకి బొమ్మ ఉండదని ఎవరన్నారండి, ఇప్పుడు వీడియో లేకుండా ఎవడు రిలీజ్ చేస్తున్నాడు? 2021లో ఎంజాయ్ ఎంజామి వచ్చింది, తమిళ పాట, అరివు, ధీ పాడారు. ఆ వీడియో చూశాక ఎక్కడ విన్నా ఆ ముసలమ్మే, ఆ రంగులే. హనుమాన్‌కైండ్ అనే ర్యాపర్ పాట బిగ్ డాగ్స్ 2024లో వచ్చింది, దాంట్లో చెక్కల బావిలో గోడల మీద కార్లూ బైకులూ తిప్పుతారు, మన తీర్థాల్లో టికెట్ కొని పైనుంచి తొంగి చూసేవాళ్ళం, అదే. పాటకంటే ఆ వీడియోనే ఎక్కువమందికి గుర్తుంది. మీకు బొమ్మ లేదంటే మీరు ఫోన్ బ్యాగ్‌లో పెట్టుకుని వింటున్నారని అర్థం అంతే.

చెరువుగట్టు అన్నా, నీ సమస్యకి మందుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటది, అందులో మోనో ఆడియో ఆన్ చెయ్యి. రెండు చెవుల సౌండూ కలిపి ఒక్క చెవిలోకే ఇచ్చేస్తది.


పాలకొల్లు_పిన్ని:

అమ్మాయ్, నీ పంటు కష్టాలు చదివితే నవ్వొచ్చింది. నా టైం మధ్యాహ్నం, ఆయన కొట్టు కట్టేసి భోజనానికి వచ్చేలోపు. అత్తగారు కునుకు తీస్తారు, పిల్లలు కాలేజీ, ఇల్లంతా నాది. ఫోను స్టీలు గ్లాసులో నిలబెడితే సౌండు పెద్దదవుద్ది, స్పీకర్లు గీకర్లు అక్కర్లేదు, కాకపోతే చెంబులో పెట్టకు, మరీ బొంగురుగా వస్తది.

నేను వినేది కొచ్చిన్ వాళ్ళ బ్యాండు, వెన్ చాయ్ మెట్ టోస్ట్. పేరు చూసి నవ్వొచ్చి నొక్కా. ఎక్కువ ఇంగ్లీషే. పాటలో ఏమన్నాడో సగం తెలీదు, అదే నాకు నచ్చింది. తెలుగు పాటైతే మాట మాట పట్టించుకుంటూ కూర్చుని కూర మాడబెడతా. ఇది వింటూ బెండకాయలు తరిగితే తరిగినట్టే ఉండదు.

తెలుగులో కొత్త పిల్లలవి కూడా విన్నాలే. ట్యూన్లు బానే ఉంటున్నాయి కానీ నాలుగు ముక్కలకోసారి బేబీ అంటాడేంటి? అమలాపురం కుర్రాడు ఇంట్లో ఎవర్ని బేబీ అంటాడు? మనం మాట్లాడుకునేట్టు రాస్తే వినమా. మాస్టారు చెప్పిన పాటలు మా నాన్న పాడేవారు, పొద్దున్నే రేడియోలో భక్తిరంజని అయ్యాక పళ్ళు తోముకుంటూ.


గదిస్టూడియో:

పిన్నిగారూ ఆ బేబీ బ్యాచ్‌లో నేనూ ఉన్నానండి 🙏 మాది తణుకు దగ్గర పల్లెటూరు, పాటలు చేస్తుంటా. మీ కామెంట్ చూసి కొత్త పాటలో ఆ ముక్క పీకేశా, దాని ప్లేసులో ఏం పెట్టాలో ఇంకా తట్టలేదు.

వినేవాళ్ళకి తెలియని గొడవలు కొన్ని చెప్తా. పెద్ద స్టూడియో అంటే హైదరాబాద్ వెళ్ళాలి, గంటకి ఇంత అని కట్టాలి, అందుకే ఇంట్లోనే. కండెన్సర్ మైక్ అయితే గొంతు బాగా పట్టుద్ది అని కొన్నా, గొంతుతో పాటు పక్కింటి కోడి, గుడి మైకు, పొలంలో కోత మిషను కూడా బాగా పట్టింది. డైనమిక్ మైక్‌కి మారాక నయం, అది నోటి దగ్గర సౌండే ఎక్కువ తీసుకుంటుంది. గది చుట్టూ దుప్పట్లు కడతాను, ఫ్యాను ఆపేస్తాను, ఎండాకాలం దాళ్వా వరి కోతల టైంలో ఫ్యాను ఆపి విరహ గీతం పాడి చూడండి, విరహం ఎంత నిజంగా వస్తుందో. మా అమ్మ తలుపు తట్టి మజ్జిగ తాగుతావా అని అడిగిన టేక్ ఒకటుంది, అన్నిటికన్నా అదే బాగా వచ్చింది, ఆవిడ గొంతు తీసెయ్యడానికి మనసొప్పక అలాగే ఉంచేశా.

డబ్బుల సంగతి అడక్కండి. స్పాటిఫైలో ముప్పై సెకన్లు దాటి వింటేనే ఒక ప్లే అని లెక్క, 2024 నుంచి ఒక పాట ఏడాదిలో 1000 ప్లేలు దాటితే గానీ దానికి రాయల్టీ లెక్కే మొదలవ్వదు. మా చుట్టాలందరికీ పంపా, అందరూ సూపర్ రా అన్నారు, అందరూ ఇరవై సెకన్లకి ఆపేశారు. పెళ్ళి రిసెప్షన్లలో గిటార్ వాయిస్తే నాలుగు రూపాయలొస్తాయి, అక్కడ సొంత పాట ఎత్తుకున్నానా, స్టేజీ కిందనుంచి బాబూ ఏదన్నా తెలిసిన పాట వెయ్యి అని కేక. తెలియాలంటే ముందు ఒకసారి వినాలి కదండీ.

చెరువుగట్టు అన్నా, చేపల పాట ఐడియా నిజంగానే తీసుకుంటున్నా. పేర్లు పంపు.


వశిష్ఠరేవు:

అబ్బో ఇంతమంది వస్తారనుకోలేదు. కూకట్‌పల్లి గారూ, అవును ఫోన్ బ్యాగ్‌లోనే ఉంటుంది, గోదాట్లో పడితే ఎవరు కొనిస్తారు? కానీ నా మాట మీద నేనున్నా. వీడియో ముందు చూస్తే మీరన్నట్టే జరుగుద్ది, అందుకే ముందు వినాలి, తర్వాత చూడాలి. మా తెలుగు తల్లికి అంటే మీకేం గుర్తొస్తుంది? నాకైతే స్కూల్ అసెంబ్లీ, ఎర్రటి ఎండ, ముందు వరసలో జడకి రిబ్బన్ ఊడిపోయిన పిల్ల. పక్కోళ్ళకి ఇంకోటి. మాస్టారు చెప్పిన పాటకి సినిమా బొమ్మ లేకపోబట్టే కదా.

బాపిరాజు గారి పాట ఇవాళ పంటు మీద విన్నాను మాస్టారూ. పక్కన నిలబడ్డ పెద్దాయనకి వినపడిందేమో, ఏంటమ్మా మళ్ళీ వరదొస్తోందా అన్నారు.

గదిస్టూడియో, మజ్జిగ పాట పేరు చెప్పు, ముప్పై సెకన్లు దాటి వింటాం.


గదిస్టూడియో:

పేరు పెట్టలేదు అక్కా, మీరన్నారు కదా మజ్జిగ పాటే అని పెట్టేస్తా. వచ్చే వారం వదుల్తా.


చెరువుగట్టు:

తమ్ముడూ కూకట్‌పల్లి, మోనో పెట్టానయ్యా! నేను ఎప్పట్నుంచో వింటున్న పాటలో వెనకాల ఇంకో గొంతు ఉందిరా నాయనా, ఒకడే పాడుతున్నాడు అనుకుంటున్నా ఇన్నాళ్ళూ. పాతవన్నీ మళ్ళీ మొదట్నుంచి వినాలిప్పుడు. చేపల పేర్లు రాసి పంపుతా, కాస్త ఆగండి, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చెక్ ట్రేలు చూసే టైమయింది.