సమస్య: మెత్తదనము చెవికి మేలు గాదు

నిర్వాహకుడు, పర్లాకిమిడి:
ఈ వారం సమస్య హెడ్‌ఫోన్ చెవిదిండ్ల మీద. ఆటవెలది చివరి పాదం ఇచ్చాను, పై మూడూ మీవి. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరి నుంచి ఇస్తున్నాను కాబట్టి వాడుక మాటలకు అడ్డు లేదు. యతి, గణాలు మాత్రం తప్పకూడదు.

జయపురం సభ్యుడు:
నురుగు నలిగిపోయి నొక్కిన చోటెల్ల
తెరయె చెవికి తగిలి తెగని నొప్పి
పాత దిండు మార్చి బాగుచేసుకొనుము
మెత్తదనము చెవికి మేలు గాదు

నిర్వాహకుడు:
మూడో పాదం మొదట "పాత దిండు తీసి కొత్తదొకటి పెట్టు" అని పంపారు. గణాలు సరిపోయినా పా-కొ యతి చెల్లదు. పా-బా చెల్లింది. భావం బాగుంది. ఫోమ్ (పద్యంలోని నురుగు) అణగితే చెవికి నొప్పే కాదు, లోపల నాదం పుట్టించే డ్రైవర్ దగ్గరపడి నాదం తీరూ మారుతుంది. ఆ రెండో సంగతి పద్యంలోకి రాలేదు.

రాయగడ సభ్యురాలు:
మఖమలున్న చోట మంద్రము నిలువదు
సందు దొరికి గాలి సాగిపోవు
డోలు మోతలెల్ల డొల్లయై వినబడు
మెత్తదనము చెవికి మేలు గాదు

బరంపురం సభ్యుడు:
"డొల్లయై" చక్కగా పడిందమ్మా. తోలు దిండు చెవి చుట్టూ గాలి చొరకుండా పట్టుకుంటుంది, మఖమలు పట్టుకోలేదు. వెనుకభాగం మూసి ఉన్న హెడ్‌ఫోన్‌లో ఆ తేడా బాగా తెలుస్తుంది. అయితే నేరం మఖమలుది కాదు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో హెడ్‌ఫోన్ మూసి ఉన్నదే, దాని రకాల్లో ఎక్కువవాటికి వచ్చేవి మఖమలు దిండ్లే. వాటికి తగ్గట్టే నాదాన్ని కూర్చారు. తోలుకు కూర్చినదానికి మఖమలు తొడిగితేనే డోలు డొల్లవుతుంది.

ఇక సుఖం మాట. గోపాల్‌పూర్ సముద్రగాలి తగిలే మా ఊళ్లో మే నెలలో కృత్రిమ తోలు పెట్టుకుంటే చెంపలు తడిసిపోతాయి. ఆ చెమటకూ తేమకూ ఆ తోలు పైనున్న పాలీయురెథేన్ పొర పొలుసులుగా లేచి, నల్లటి తునకలు చెవి వెనక అంటుకుంటాయి. కాస్త మంద్రం పోయినా నాకు మఖమలే ఇష్టం.

రాయగడ సభ్యురాలు:
ఒప్పుకోనండీ. మృదంగం ఎడమవైపు పలికే మంద్ర నాదం, ఆ గుంకీ వినబడని కచేరీ నాకెందుకు? చెమట తుడుచుకుంటాను.

కొరాపుట్ సభ్యుడు:
కంటియద్దమున్న గట్టి దిండొత్తిన
కణత నొప్పి లేచు కాడ వలన
ఒదుగు నురుగు తెలియకొకరు పల్కిరి యిట్లు
"మెత్తదనము చెవికి మేలు గాదు"

నిర్వాహకుడు:
సమస్యను పరుల మాటగా మార్చి దాటేయడం పాత ఉపాయమే, ఇక్కడ అమరింది. మూడో పాదంలో "తెలియక, ఒకరు" సంధిలో స్వరయతి (అచ్చుకు అచ్చు కుదరడం) చెల్లింది. ఒంటి వేడికి ఒదిగే మెమరీ ఫోమ్ అద్దాల కాడ చుట్టూ సర్దుకుంటుంది, మంద్రం జారే సందునూ చాలావరకు పూడుస్తుంది. గట్టి దిండుకు ఆ పని చేతకాదు. ఈ వారానికి నా ఓటు ఈ పద్యానికే.

చిల్లుల తోలు దిండు మీద ఇంకా ఎవరూ పూరించలేదు. ఆదివారం రాత్రి వరకు పంపవచ్చు.