కోడ్‌లో పేర్లు తెలుగులో పెడితే తప్పేంటి?

గుంటూరు నుంచి (ప్రశ్న):
మిర్చి యార్డులో కమీషన్ కొట్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం, ముగ్గురమే, ముగ్గురం తెలుగువాళ్లమే. పోయిన వారం తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) తప్పొచ్చింది. తరుగుకి మాలో ఒకతను కోడ్‌లో 'లాస్' అని పేరు పెట్టాడు, కొత్తగా చేరిన తమ్ముడు దాన్ని డబ్బు నష్టం అనుకున్నాడు. బస్తా 45 కిలోలు తూగి కిలో తరుగు పోతే 44 కిలోలకి లెక్క కట్టాలి కదా, ఇది 45 కిలోలకి కట్టి చివర్లో ఒక్క రూపాయి తీసేసింది. తరుగు అనే రాసుంటే మా ఊళ్లో ఎవరూ పొరబడరు. మేం కోడ్ రాసే భాష పైథాన్ 3, అది పేర్లని తెలుగు లిపిలో కూడా ఒప్పుకుంటుంది. మరి ఎందుకు వద్దంటారు?

విజయవాడ, పటమట నుంచి:
వద్దండీ. ఇవాళ ముగ్గురు తెలుగువాళ్లు, రేపు చెన్నై అబ్బాయి చేరితే? లిబ్రేఆఫీస్ అని ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఉంది, దాని సంగతి చూడండి. దాని పాత కోడ్ జర్మనీలో స్టార్‌ఆఫీస్‌గా పుట్టింది, కామెంట్లు (చదివేవాళ్ల కోసం కోడ్ పక్కన రాసే వివరణలు) జర్మన్‌లో ఉండేవి. 2010లో లిబ్రేఆఫీస్ మొదలయ్యాక వాటిని ఇంగ్లిష్‌లోకి మార్చడానికి వలంటీర్లు ఏళ్ల తరబడి కూర్చున్నారు. లువా అనే ప్రోగ్రామింగ్ భాష కూడా 1993లో బ్రెజిల్‌లో పుట్టిందే, పేరు పోర్చుగీసులో చందమామ, కానీ కోడ్ ఇంగ్లిష్‌లో రాశారు కాబట్టే ఎక్కడివాళ్లయినా చదవగలుగుతున్నారు.

గుంటూరు, బ్రాడీపేట నుంచి:
లువా ప్రపంచం కోసం చేసింది, ఇది యార్డు కోసం. తరుగు, కాటా, హమాలీ వీటికి సరిపోయే ఇంగ్లిష్ మాట వెతికితే మళ్లీ 'లాస్' లాంటిదే వస్తుంది. అయితే లిపి విషయంలో నాకూ అనుమానమే, నేను చేసి చూసి చెబుతున్నాను. 'స్టాక్‌లో' అని రాయాలంటే కకి లో ఒత్తుగా పడకుండా మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం వేస్తాం, పైథాన్ దాన్ని పేర్లలో ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది, అదింకా టెన్షన్. ఆ అక్షరం పేరు చివర పడితే, అది ఉన్న పేరూ లేని పేరూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ జావాస్క్రిప్ట్‌కి రెండూ వేర్వేరు పేర్లు. కాబట్టి మాట మనది ఉంచి ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి, కామెంటు మాత్రం తెలుగులో.

పటమట:
కాటాకి ఒకరు ఒక 'ఎ' పెడతారు, ఇంకొకరు రెండు పెడతారు. వెతికితే దొరకదు.

బ్రాడీపేట:
అందుకే ఒక ఫైల్‌లో మాటలన్నీ, వాటి స్పెల్లింగు, అర్థం రాసిపెట్టుకోవాలి. పదిహేను మాటలు కూడా ఉండవు.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ థ్యాంక్స్. రాత్రే 'లాస్' తీసేసి ఇంగ్లిష్ అక్షరాల్లో తరుగు పెట్టాను. పైన కామెంటు: "తరుగు కిలోల్లో ఉంటుంది. బరువులోంచే తీయాలి, రూపాయల్లోంచి కాదు."

పటమట:
ఆ కామెంటు కిందే ఇంగ్లిష్‌లో కూడా ఒక లైను రాయండి. నా మాట ఇంకా అదే.