కిల్టు కడితే మగతనం, స్కర్టు వేస్తే నవ్వులాట: ఎందుకని?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)
స్కాట్లాండ్‌లో, గ్లాస్గోలో మూడేళ్లుగా ఉంటున్నాను. పోయిన శనివారం నాతో పనిచేసే స్కాట్ అబ్బాయి పెళ్లికి కిల్టు, అంటే ఇక్కడి మగవాళ్లు నడుముకు కట్టే గళ్ల గుడ్డ, అద్దెకు తెచ్చుకుని వెళ్లాను. పెళ్లికొడుకు మొదలు కర్ర పట్టుకుని నడిచే తాతగారి దాకా అక్కడ మగవాళ్లంతా కిల్టులే. నన్ను వింతగా చూసినవారు ఒక్కరు లేరు. ఆ ఫొటో మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడమే పాపమైంది. "పరికిణీ బాగుందిరా, ఓణీ ఏదీ?" అన్నాడు మా పెదనాన్న. ఆయన పొద్దస్తమానం లుంగీలోనే ఉంటాడు!

నా సందేహం ఇది. మోకాళ్ల దాకా వచ్చే గళ్ల గుడ్డ, కాళ్ల మధ్య కుట్టు లేదు. అది కిల్టు అయితే ఇదే గ్లాస్గోలో మగతనానికి గుర్తు. అదే మగవాడు మామూలు స్కర్టుతో బస్సెక్కితే బస్సంతా వెనక్కి తిరిగి చూస్తుంది. తేడా గుడ్డలో ఉందా, చూసేవారిలో ఉందా?

పంచెకట్టు
అసలు కిల్టును పరికిణీతోనూ స్కర్టుతోనూ పోల్చడమే తప్పు. నేను ఎడిన్‌బరోలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. అద్దెది కాదు, కొలతలిచ్చి సొంతంగా కుట్టించుకున్నాను. 8 గజాల ఉన్ని బట్ట పట్టింది. ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది, కుచ్చిళ్లన్నీ వెనక. పై మడత కుడి తుంటి మీదికి వచ్చి తోలు పట్టీలతో బిగుస్తుంది. ఆడవాళ్ల కోసం కుట్టే కిల్టు స్కర్టులు సాధారణంగా ఎడమవైపు బిగుస్తాయి. ఈ కుడి ఎడమల తేడా తెలియకుండా మాట్లాడేవారే ఎక్కువ. ముందు స్పోరన్ అనే తోలు సంచి, మేజోడులో చిన్న కత్తి. మొదటి ప్రపంచ యుద్ధంలో హైలాండ్ (ఉత్తర స్కాట్లాండ్ కొండసీమ) పటాలాలు కందకాల్లో దీనితోనే పోరాడాయి. ఇందులో ఆడతనం ఎక్కడ కనిపించిందో చెప్పండి.

తుంపర
అద్దె ఎంత పడిందండీ?

లీత్ నీలిమ
8 గజాలా! నా పట్టుచీర ఆరు గజాలే. మీ సింగారానికే ఎక్కువ బట్ట పట్టింది.

మీరు చెప్పిన ఆ పటాలాలకే "నరకం నుంచి వచ్చిన ఆడవాళ్లు" అని పేరు పడింది. జర్మన్లు పెట్టారని చెప్పుకుంటారు. కందకంలో ప్రాణాలకు తెగించి పోరాడేవాణ్ణి చూసినా ముందు గుర్తొచ్చింది ఆడవాళ్లే. ఇక గుడ్డలో ఏముందని అడుగుతారేమిటి?

పంచెకట్టు
అది భయపడి పెట్టిన పేరు, వెక్కిరింత కాదు. స్కాట్లు దాన్ని గర్వంగానే చెప్పుకుంటారు.

ఎర్రమట్టి
గుడ్డకు మగతనం పుట్టుకతో రాలేదు. చట్టమే తెచ్చిపెట్టింది. లండన్ రాజు మీద చాలామంది హైలాండర్లు చేరిన 1745 తిరుగుబాటును అణిచాక 1746లో లండన్ పార్లమెంటు హైలాండ్ దుస్తులను నిషేధించింది. ఆ చట్టంలో ఉన్న మాట "మగవాడు గాని, మగపిల్లవాడు గాని". మొదటిసారి దొరికితే 6 నెలల జైలు, రెండోసారి దొరికితే 7 ఏళ్లు సముద్రం అవతలికి ప్రవాసం. ఆడవాళ్ల ఊసే లేదు. మినహాయింపు ఎవరికో తెలుసా? రాజుగారి సైన్యంలో చేరినవారికి. 1782లో నిషేధం ఎత్తేసేదాకా హైలాండ్ మగవాడు చట్టానికి భయపడకుండా దీన్ని కట్టాలంటే దారి ఒక్కటే, పటాలంలో చేరడం. అలా ఒక తరానికి పైగా కిల్టు అంటే సిపాయి, సిపాయి అంటే మగవాడు అని ముద్రపడింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు ఆ ఏర్పాట్లు చూసిన నవలాకారుడు వాల్టర్ స్కాట్ ప్రోత్సాహంతో ఆయన కిల్టు కట్టి దర్బారులో కనిపించాక, కిల్టు దొరల ఇళ్లలోకి కూడా వచ్చింది. ఆ రాజుగారు లోపల ఒంటిరంగు మేజోళ్లు తొడుక్కున్నారు, పాపం, మోకాళ్లు చూపించే ధైర్యం లేక.

ఇంకో మాట. ఇప్పటి పొట్టి కిల్టును 1720ల్లో థామస్ రాలిన్‌సన్ అనే ఇంగ్లీషు ఇనుప కొలిమి యజమాని రూపొందించాడని ఒక వాదన ఉంది.

పంచెకట్టు
చివరి వాక్యం వెనక్కి తీసుకోండి. రాలిన్‌సన్ కథను ఒప్పుకోనివారు చాలామంది ఉన్నారు. ఒంటికి చుట్టి భుజం మీదికి వేసుకునే ప్లెయిడ్ అనే పెద్ద గుడ్డలో కింది సగాన్ని మాత్రమే కట్టుకోవడం అంతకుముందే ఉందని వారి మాట.

ఎర్రమట్టి
"వాదన ఉంది" అన్నాను, "నిజం" అనలేదు. నేను రాసిన పది వాక్యాల్లో ఆ ఒక్కటే కనిపించిందా?

పంచెకట్టు
తప్పు ఒక్కటైనా తప్పే.

కోనసీమ కుర్రాడు
మన ఊళ్లో పంచె కట్టినవాణ్ణి ఆడదానిలా ఉన్నావని ఎవరూ అనరు. పంచెకు కుచ్చిళ్లు ముందే ఉంటాయి, చీరకూ ముందే. కూచిపూడిలో మగవాళ్లు సత్యభామ వేషం కట్టి జడ వేస్తే చేతులెత్తి దండం పెట్టారు. అలవాటే అంతా.

లీత్ నీలిమ
అలవాటే అయితే 1950ల్లో ఇక్కడి అబోయిన్ ఊరి క్రీడోత్సవాల నిర్వాహకులు నాట్య పోటీల్లో ఆడపిల్లలు కిల్టు కట్టకూడదని ఎందుకు పట్టుబట్టారు? వాళ్ల కోసం ప్రత్యేకంగా గౌను పెట్టారు, ఇప్పటికీ దాని పేరు అబోయిన్ గౌనే. మా అమ్మాయి హైలాండ్ నాట్యం నేర్చుకుంటోంది. ఒక నాట్యానికి కిల్టు, ఇంకో నాట్యానికి ఆ గౌను. ఇప్పుడు ఆ పోటీలకు వచ్చేవారిలో ఎక్కువమంది ఆడపిల్లలే. అయినా పోటీకి వెళ్లినప్పుడల్లా "మగవాళ్ల కిల్టు దీనికెందుకు" అనే పెద్దాయన ఒకరు తప్పకుండా తగులుతారు. సాధారణంగా అలాంటివారిలో తెలుగాయన కూడా ఒకరుంటారు.

పంచెకట్టు
నన్ను ఉద్దేశించేనా? ఆడపిల్లలు కట్టకూడదని నేనెక్కడా అనలేదు. ఎడమవైపు బిగించుకుంటే సరిపోతుంది అంటున్నాను.

తుంపర
అద్దె సంగతి ఎవరూ చెప్పరా?

లీత్ నీలిమ
కుడి, ఎడమ, కుడి, ఎడమ! పంచెకట్టు గారూ, నేను ఒకటి చెబుతాను వినండి. మా తమ్ముడు ఎమ్మెస్సీ చదువుతూ ఒక హోటల్లో పెళ్లి విందుల్లో వడ్డనకు వెళ్లేవాడు. యూనిఫారం కిల్టు. తాగిన ఆడవాళ్లు వాడి రెండు చేతుల్లో పళ్లేలున్నప్పుడు చూసి వెనకనుంచి కిల్టు ఎత్తేవారు. "నిజమైన స్కాట్‌వేనా, లోపల ఏమైనా ఉందా" అని. కిల్టు లోపల ఏమీ వేసుకోనివాడే నిజమైన స్కాట్ అని ఇక్కడో మాట ఉంది. మేనేజరుకు చెబితే ఆయన కూడా నవ్వాడు. రెండు నెలలకు పని మానేశాడు, ఆ నెల అద్దె నేను కట్టాను. వాడి పక్కన అదే హాల్లో స్కర్టుతో వడ్డించే అమ్మాయిని ఎవడైనా అలా చేసి ఉంటే పోలీసులు వచ్చేవారు.

పంచెకట్టు
అది ఇక్కడి సరదా. మగవాడు కాస్త తట్టుకోవాలి. నన్నూ అడిగారు చాలాసార్లు, నవ్వి ఊరుకున్నాను.

ఎర్రమట్టి
మిమ్మల్ని అడిగారు. వాళ్ల తమ్ముణ్ణి ముట్టుకున్నారు. రెండూ ఒకటేనా? స్కాట్లాండ్ చట్టానికి ఇందులో ఆడా మగా తేడా లేదు. 2018లో ఇన్వర్నెస్‌లో ఒక బారు ఇదే బాధ పడలేక పనివాళ్ల చేత కిల్టులు మాన్పించింది, పేపర్లలో వచ్చింది.

లీత్ నీలిమ
"మగవాడు తట్టుకోవాలి." అదీ సంగతి. ఇంతసేపూ కుచ్చిళ్లు లెక్కపెట్టిన పెద్దమనిషి అసలు మాట ఇప్పుడు చెప్పారు. మగవాడిగా నిరూపించుకున్నవాడికే కిల్టు. ఏడిస్తే అది పరికిణీ.

పంచెకట్టు
మీరు ఇంత మాట అన్నాక నేనూ దాచను. నా కొడుక్కి పదమూడేళ్లు. వచ్చే టర్ము నుంచి బడికి స్కర్టు వేసుకుని వెళ్తానంటున్నాడు. వాళ్ల బళ్లో యూనిఫారానికి ఆడా మగా తేడా లేదు, ఎవరైనా ఏదైనా వేసుకోవచ్చు. కిల్టు కొనిస్తాను, అదే వేసుకోరా అన్నాను. వద్దు, స్కర్టే కావాలంటాడు. నెల రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. చరిత్ర మాకు తెలుసు అని మీరంతా రాస్తున్నారు. రేపు బస్‌స్టాపులో వాణ్ణి నలుగురు చుట్టుముడితే 1746 చట్టం వచ్చి కాపాడుతుందా?

గోదారిగట్టు
అన్నగారూ, మోకాళ్లు రెండింట్లోనూ కనిపిస్తాయి. కిల్టు సరే, స్కర్టు కాదంటున్నారు. వాడికి దెబ్బ తగులుతుందనా, మీ పరువుకు తగులుతుందనా? కోపం తెచ్చుకోకండి, నాకు నిజంగానే తెలియక అడుగుతున్నాను.

పంచెకట్టు
రెండూ. మొదటిది ఎక్కువ. కిల్టులో ఉంటే ఎవరూ చెయ్యి వెయ్యరు.

లీత్ నీలిమ
మా తమ్ముడి మీద వేశారు.

కోనసీమ కుర్రాడు
పిల్లవాడి పేరు గాని, బడి పేరు గాని ఇక్కడ రాయకండి సార్. దయచేసి.

పంచెకట్టు (మూడు రోజుల తర్వాత)
రాయను.

నిన్న రాత్రి వాడితో కూర్చుని మాట్లాడాను. "నువ్వు మొదటిసారి కిల్టు కట్టినరోజు నీకు భయం వెయ్యలేదా నాన్నా?" అని అడిగాడు. వేసిందని ఒప్పుకున్నాను. ఆఫీసువాళ్ల విందుకు వెళ్లి, పార్కింగులో ఇంజను ఆపి, ఇంకో కిల్టువాడు కనిపించేదాకా కారులోనే కూర్చున్నాను. ఇరవై నిమిషాలు. ఇది మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఇంకా ఏమీ తేల్చుకోలేదు. టర్ముకు రెండు వారాలుంది. నీలిమ గారూ, మీ తమ్ముడి విషయంలో నేను అన్న మాట తప్పు.

రాలిన్‌సన్ సంగతి మాత్రం వదలను.

ఎర్రమట్టి
వదలొద్దు. దానికి వేరే చర్చ తెరవండి, అక్కడికి వస్తాను.

గోదారిగట్టు
తుంపర గారికి: తొంభై పౌన్లు. మేజోళ్లు, స్పోరన్ కలిపి. కత్తి మాత్రం ప్లాస్టిక్‌ది.