వీ8 వేసిన ఎంజీబీ: వెనక లీఫ్ స్ప్రింగులు ఉంచాలా, తీసేసి లింకులు పెట్టాలా?

వంకరదారి:
బండి 1976 ఎంజీబీ రోడ్‌స్టర్ (పాత బ్రిటిష్ రెండు సీట్ల ఓపెన్ కారు), రబ్బర్ బంపర్ మోడల్. పాత 1.8 లీటర్ల ఇంజను తీసి రోవర్ 3.5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను) ఎక్కించారు. వెనక 50 మి.మీ. లోయరింగ్ బ్లాకులు (బండి ఎత్తు తగ్గించే దిమ్మలు), పాత లీవర్ రకం షాక్ అబ్జార్బర్ల చోట గొట్టం రకం టెలిస్కోపిక్ షాకులు, 19 మి.మీ. యాంటీ రోల్ బార్ (మలుపులో ఒరుగుడు తగ్గించే కడ్డీ), అన్నిచోట్లా పాలీయురెథేన్ బుష్‌లు (కీళ్లలో రబ్బరు బదులు వేసే గట్టి తొడుగులు) ఉన్నాయి. బాధలు మూడు. రెండో గేరులో గట్టిగా తొక్కితే యాక్సిల్ (ఇరుసు) దడదడా కొట్టుకుంటుంది. మలుపులో చిన్న గుంత తగిలినా వెనక భాగం పక్కకి గెంతుతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే తోక బయటికి పోతుంది. కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) తీసేసి నాలుగు లింకులు (యాక్సిల్‌ని పట్టి ఉంచే కడ్డీలు), కాయిలోవర్లు (చుట్టూ కాయిల్ స్ప్రింగు ఉన్న షాకులు) పెట్టించమని సలహా వచ్చింది. వెల్డింగ్ చాలా ఉంటుంది, మళ్లీ పాత స్థితికి తేవడం కష్టం. నిజంగా అంత అవసరమా?

నాలుగులింకులు:
అవసరమే. ఆ పట్టీల కట్ట ఒక్కటే మూడు పనులు చేస్తోంది: బరువు మోయాలి, యాక్సిల్‌ని దాని చోట నిలపాలి, ఇంజను టార్కుకి (తిప్పే బలానికి) యాక్సిల్ తిరగబడకుండా ఆపాలి. మొదటి దానికి మెత్తగా ఉండాలి, మూడో దానికి గట్టిగా ఉండాలి. గట్టిగా తొక్కినప్పుడు పట్టీ ఎస్ ఆకారంలో వంగుతుంది, టైరు పట్టు జారుతుంది, పట్టీ విదిల్చుకుని వెనక్కి వస్తుంది, టైరు మళ్లీ పట్టుకుంటుంది. ఆ దడదడ ఇదే. పైగా బ్లాకులు వేశాక ఆ మెలితిప్పే లివరు 50 మి.మీ. పొడుగైంది. లింకులు పెడితే టార్కు వాటి మీద పడుతుంది, కాయిల్ బరువు ఒక్కటే మోస్తుంది. అప్పుడు స్ప్రింగు ఎంత మెత్తగా కావాలంటే అంత మెత్తగా పెట్టుకోవచ్చు.

కొలిచిచూడు:
బ్లాకుల మాట ఈ బండికి వర్తించదండీ. స్ప్రింగు యాక్సిల్ పైన ఉండే బండ్లలో, ఎత్తు పెంచడానికి వేసే బ్లాకుల సంగతి అది. ఎంజీబీలో స్ప్రింగు యాక్సిల్ కింద ఉంటుంది. పట్టీ మీద పడే మెలి అంటే టైరు నేలని తోసే బలాన్ని స్ప్రింగు సీటు (స్ప్రింగు యాక్సిల్‌కి బిగిసే చోటు) నేల నుంచి ఉన్న ఎత్తుతో గుణించినంత. బ్లాకు వేస్తే ఆ ఎత్తు తగ్గుతుంది, మెలి కూడా తగ్గుతుంది. బ్లాకుల అసలు తప్పు వేరు: కిందకి దిగిన 50 మి.మీ. మొత్తం బంప్ రబ్బరు (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే దిమ్మ) దగ్గర ఉన్న ఖాళీలోంచే పోయింది. మలుపులో బయటి చక్రం రబ్బరుని తాకగానే ఆ పక్క స్ప్రింగు ఒక్కసారిగా ఎన్నోరెట్లు గట్టిపడినట్టే. రెండో బాధకి మూలం నూటికి తొంభై పాళ్లు ఇదే అయి ఉంటుంది.

వంకరదారి గారూ, రెండు విషయాలు చెప్పండి. బండి నేల మీద నిలిచి, ఇద్దరు కూర్చున్నప్పుడు యాక్సిల్ గొట్టానికీ బంప్ రబ్బరుకీ మధ్య ఖాళీ ఎంత? ముందు యాంటీ రోల్ బార్ ఉందా, లేదా?

వంకరదారి:
ఖాళీ ఎడమ 22, కుడి 25 మి.మీ. ముందు బార్ లేదు.

కొలిచిచూడు:
మూడో బాధకి జవాబు అందులోనే ఉంది. ఆ కాలపు రోడ్‌స్టర్లలో చాలావాటికి ముందు బార్ తీసేశారు. 1977 మోడల్ నుంచి ముందూ వెనకా రెండు చోట్లా పెట్టారు. మీ బండిలో వెనక మాత్రమే ఉంది. మలుపులో బరువు బదిలీ ఎక్కువభాగం వెనక ఇరుసు మీదే జరుగుతోంది, వెనక టైరే మొదట జారుతుంది. లోపలి వెనక చక్రం తేలిపోయి మామూలు డిఫరెన్షియల్‌తో ఊరికే తిరుగుతుంది కూడా. ఇవాళే ఆ వెనక బార్ లింకులు విప్పేసి నడిపి చూడండి. పైసా ఖర్చు లేదు.

ఇంకొకటి. రబ్బర్ బంపర్ బండ్లని ఎత్తు పెంచి తయారు చేశారు. స్ప్రింగు ముందు కన్ను (ముందు చివర బోల్టు దూరే చుట్ట) యాక్సిల్ సీటు కంటే బాగా పైన ఉంటుంది. బాడీ ఒరిగినప్పుడు బయటి చక్రం పైకి లేస్తూ వెనక్కి జరుగుతుంది, లోపలిది ముందుకి జరుగుతుంది. అంటే యాక్సిల్ తనంతట తానే తోకని బయటికి తిప్పుతోంది. బ్లాకులతో బాడీ దిగింది కానీ స్ప్రింగు వంపు అలాగే ఉంది కాబట్టి ఈ దోషం చాలావరకు మిగిలే ఉంటుంది. తక్కువ వంపు ఉన్న స్ప్రింగులు వేస్తే ఎత్తూ తగ్గుతుంది, ఈ దోషమూ తగ్గుతుంది.

నాలుగులింకులు:
బ్లాకు లివరు విషయం ఒప్పుకుంటున్నా, లెక్క మీదే సరైనది. కానీ దడదడ సంగతి తేలలేదు. 1.8 కోసం చేసిన పట్టీల మీద వీ8 టార్కు పడుతోంది.

పాతఇనుము:
కంపెనీ సొంతంగా చేసిన ఎంజీబీ జీటీ వీ8 (1973–76) ఏం చేసింది? అదే 3528 సీసీ ఇంజను, 137 బీహెచ్‌పీ. వెనక లీఫ్ స్ప్రింగులే, కాస్త గట్టివి. 1992లో వచ్చిన ఎంజీ ఆర్‌వీ8 ఇంకా చూడదగ్గది: 3.9 లీటర్లు, 190 బీహెచ్‌పీ. అందులో కూడా లీఫ్ స్ప్రింగులే, కాకపోతే టార్కు ఆపడానికి పక్కకొకటి చొప్పున కింద రెండు ఆర్ములు, టెలిస్కోపిక్ షాకులు తోడు పెట్టారు. ఈ పొందిక సరిపోతుందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అయితే ట్రాంప్ బార్ (దడదడ ఆపడానికి యాక్సిల్‌కి పెట్టే అలాంటి ఆర్ము) ఎలా పడితే అలా బిగిస్తే ఉన్న రోగం ముదురుతుంది. స్ప్రింగు ముందు సగం ఏ వాలులో ఉందో బార్ కూడా అదే వాలులో, దాదాపు అదే పొడవులో ఉండాలి. ముందు పివట్ (కీలు) స్ప్రింగు కన్నుకి వీలైనంత దగ్గరగా రావాలి. పొట్టి బార్ పెడితే దాని చాపం వేరు, పట్టీ చాపం వేరు. రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, బండి ఒరిగినప్పుడు అదే గట్టి యాంటీ రోల్ బార్ అయి కూర్చుంటుంది. బార్ చివర్ల రబ్బరు బుష్ వేయండి, పాలీ వద్దు.

స్ప్రింగు ముందు కన్నులో కూడా పాలీ తీసేసి రబ్బరు బుష్ కొట్టండి. బాడీ ఒరిగితే ఆ కన్ను మెలితిరగాలి, పాలీ ఆ మెలిని అడ్డుకుంటుంది. షాకిల్ (స్ప్రింగు వెనక చివర ఊగే లంకె) దగ్గర పాలీ ఉన్నా ఫర్వాలేదు. కొత్త రబ్బరు బుష్ బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే పూర్తిగా బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.

షాకులమీద:
టెలిస్కోపిక్ షాకుల వాలు కొలవండి. నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలు వాలితే చక్రం దగ్గర పనిచేసేది షాక్ బలంలో 75 శాతం, 45 డిగ్రీలైతే 50 శాతమే. యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు షాక్ పొడవు అయిపోకూడదు, చెక్ స్ట్రాప్ (యాక్సిల్ మరీ కిందకి దిగకుండా ఆపే బెల్టు) దానికంటే ముందుగా బిగుసుకోవాలి. లేకపోతే షాక్ లోపలి పిస్టనే స్టాపరు అవుతుంది.

నాలుగులింకులు:
సరే, లీఫ్ ఉంచినా పానార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండా బాడీకి కట్టే అడ్డ కడ్డీ) లేకుండా మలుపులో వెనక పక్కకి ఊగడం ఆగదు. అదైనా పెట్టాలి.

కొలిచిచూడు:
పెట్టొచ్చు, కానీ రాడ్ పొడుగ్గా, నడిచే ఎత్తులో సమంగా ఉండాలి. 900 మి.మీ. రాడ్ సమంగా ఉంటే, యాక్సిల్ 50 మి.మీ. లేచినప్పుడు పక్కకి జరిగేది 1.4 మి.మీ. అదే రాడ్ ముందే 60 మి.మీ. వాలి ఉండి ఇంకో 50 పెరిగితే 4.7 మి.మీ. ఎత్తు విషయంలో స్ప్రింగు కన్నుల ఎత్తుకి దగ్గరగా పెట్టండి. బాగా పైన పెడితే రోల్ సెంటర్ (బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) విషయంలో రాడ్ ఒకటి చెబుతుంది, పట్టీలు ఇంకొకటి చెబుతాయి. ఆ లాగుడుకి బుష్‌లు నలుగుతాయి.

లింకుల మీద నా అసలు అభ్యంతరం బాడీ గురించి. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు. వెనక బరువు స్ప్రింగు ముందు హ్యాంగరు, వెనక షాకిల్ అనే రెండు చోట్ల రెయిల్స్‌లోకి దిగేలా ఆ రేకుని మలిచారు. కాయిలోవర్ పెట్టగానే మొత్తం బరువు షాక్ బ్రాకెట్ మీద పడుతుంది. రెండు పక్కలనీ కలిపే క్రాస్‌మెంబర్ వెల్డ్ చేయకపోతే అక్కడ రేకు పగులుతుంది. ఇంకా, ఒరుగుడుని ఆపే బలం స్ప్రింగుల మధ్య దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది. కాయిళ్లు లోపలికి జరిగి ఆ దూరం 1000 నుంచి 800 మి.మీ. అయితే మిగిలేది 64 శాతమే.

నాలుగులింకులు:
క్రాస్‌మెంబర్ లేకుండా ఎవరూ చేయకూడదు, అందులో వాదన లేదు. కానీ ఇంజను ఇంకా పెంచి 250 బీహెచ్‌పీ దాటించాలనుకుంటే, స్లిక్ (గీతలు లేని రేసు) టైర్లతో ట్రాక్ మీద తిప్పాలనుకుంటే ఆర్ములు తగిలించిన లీఫ్ చాలదు. అక్కడ నా మాట మారదు.

పాతఇనుము:
ట్రాక్ బండి అయితే నేనూ కాదనను. అడిగింది రోడ్డు బండి గురించి.

వంకరదారి గారూ, వరస ఇదీ. ముందు బండిని లేపి యాక్సిల్‌ని స్ప్రింగుకి బిగించే యూ బోల్టులు, స్ప్రింగు పైనా కిందా ఉండే రబ్బరు ప్యాడ్లు, పట్టీల సెంటర్ బోల్టు చూడండి. ప్యాడ్ నలిగిపోతే యాక్సిల్ సీటు మీదే జారుతుంది. రెండు పక్కలా ముందు కన్ను బోల్టు నుంచి యాక్సిల్ దాకా కొలవండి, 3 మి.మీ. కంటే తేడా ఉండకూడదు. ఆ తర్వాత వెనక బార్ విప్పడం, బ్లాకులు తీసి తక్కువ వంపు స్ప్రింగులు వేయడం. బంప్ దగ్గర కనీసం 50 మి.మీ. ఖాళీ రావాలి. ముందు వైపు యాంటీ రోల్ బార్ బిగించడం ఆ పైన. ట్రాంప్ బార్లు ఆఖరున. ఒక్కో మార్పుకీ మధ్య అదే దారిలో, అదే టైరు గాలితో నడపండి.

వంకరదారి:
వెనక బార్ విప్పాను. తోక జారడం సగానికి పైగా తగ్గింది. ఎడమ యూ బోల్టు నట్లు రెండు వేలితో తిరిగాయి, ఆ పక్క కింది ప్యాడ్ చీలి ఉంది. స్ప్రింగుల ఆర్డరు ఆపి ముందు అవి మారుస్తున్నాను. యాక్సిల్ కొలతలో తేడా 6 మి.మీ. వచ్చింది, ప్యాడ్ మార్చి బిగించాక మళ్లీ కొలిచి పెడతాను.