విదేశీ వాణిజ్యం పెరిగినప్పుడు వేతనాల అంతరం ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న:
1941లో ఆర్థికవేత్తలు స్టోల్పర్, శామ్యూల్‌సన్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, నైపుణ్యం లేని శ్రామికులు సమృద్ధిగా ఉన్న దేశం దిగుమతి సుంకాలు తగ్గిస్తే వారి వేతనాలు పెరిగి అసమానత తగ్గాలి. మెక్సికో 1986లో, సుంకాల తగ్గింపు కోసం దేశాలు కుదుర్చుకున్న గాట్ ఒప్పందంలో చేరి సుంకాలు బాగా తగ్గించింది. అయినా ఆ తరువాతి సంవత్సరాలలో అక్కడ చదువుకున్నవారికీ, చదువు తక్కువైనవారికీ మధ్య వేతనాల తేడా పెరిగింది. లోపం సిద్ధాంతంలో ఉందా, లేక దాన్ని మనం అన్వయించే తీరులో ఉందా?

జవాబు 1:
అన్వయంలోనే ఉందని నా అభిప్రాయం. ఆ సిద్ధాంతం రెండు దేశాలను, రెండు ఉత్పత్తి కారకాలను (శ్రమ, పెట్టుబడి వంటివి) మాత్రమే ఊహించుకుంటుంది (పరీక్షలో జవాబు రాసేటప్పుడు ఆ షరతులు ఎవరికీ గుర్తుండవు, అది వేరే సంగతి). అమెరికాతో పోలిస్తే మెక్సికోలో శ్రమ చవకే కాని, అదే కాలంలో ప్రపంచ మార్కెట్‌లోకి వస్తున్న చైనాతో పోలిస్తే కాదు. పైగా సంస్కరణలకు ముందు అక్కడ ఎక్కువ రక్షణ పొందినవి దుస్తులు, పాదరక్షల వంటి తక్కువ నైపుణ్యపు పరిశ్రమలే కాబట్టి, సుంకాల కోత దెబ్బ మొదట ఆ కార్మికుల మీదే పడింది. మరో కారణాన్ని ఆర్థికవేత్తలు ఫీన్‌స్ట్రా, హాన్సన్ చూపించారు: అమెరికా సంస్థలు తమ దృష్టిలో తక్కువ నైపుణ్యం చాలునన్న పనులను సరిహద్దు దాటించినప్పుడు, మెక్సికో ప్రమాణాల ప్రకారం అవి ఎక్కువ నైపుణ్యం కోరే పనులయ్యాయి. దానితో రెండు దేశాలలోనూ నైపుణ్యం గలవారికే గిరాకీ పెరిగింది.

జవాబు 2:
పై వివరణతో ఏకీభవిస్తూనే, దానికంటే ముఖ్యమైనదిగా నాకు తోచే విషయం ఒకటి చెబుతాను. ఒక పరిశ్రమ దెబ్బతింటే అందులోని కార్మికుడు మరో ప్రాంతానికో, మరో వృత్తికో సులువుగా మారిపోతాడని సిద్ధాంతం అనుకుంటుంది. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన తరువాత అమెరికాలో ఫర్నిచర్, వస్త్ర పరిశ్రమలున్న ప్రాంతాలలో ఏం జరిగిందో ఆర్థికవేత్తలు ఆటర్, డోర్న్, హాన్సన్ పరిశీలించారు. ఉద్యోగాలు పోయినా అక్కడి జనం పెద్దగా వలస వెళ్లలేదు. 1991 తరువాతి భారతదేశం గురించి ఆర్థికవేత్త తోపలోవా చేసిన అధ్యయనంలోనూ, సుంకాల తగ్గింపు ప్రభావం ఎక్కువగా పడిన గ్రామీణ జిల్లాలలో పేదరికం మిగతా చోట్ల కంటే నెమ్మదిగా తగ్గినట్టు తేలింది. దిగుమతులు చవకయిన లాభం దేశమంతటా పలచగా పరుచుకుంటుంది, నష్టం మాత్రం కొన్ని ఊళ్లలోనే పేరుకుపోతుంది.

జవాబు 3:
ఇదంతా నిజమే అయినా, నెపమంతా వాణిజ్యం మీద వేయడం నాకు సరిగా అనిపించదు. జాతీయాదాయంలో ఎగుమతుల వాటా డెన్మార్క్, నెదర్లాండ్స్‌లలో అమెరికాలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఆదాయ అసమానత మాత్రం అక్కడే తక్కువ. అక్కడి పన్నులను, నిరుద్యోగ భృతిని, పునఃశిక్షణను లెక్కలోకి తీసుకోకుండా సుంకాల గురించి మాత్రమే మాట్లాడితే చర్చ సగంలోనే ఆగిపోతుంది.

జవాబు 2 రాసినవారు:
ఒప్పుకుంటాను. అయితే వాణిజ్యం వల్ల లాభపడినవారు నష్టపోయినవారికి పరిహారం ఇవ్వగలరని మాత్రమే ఆర్థికశాస్త్రం నిరూపించింది, ఇచ్చి తీరుతారని కాదు. దిగుమతుల వల్ల ఉపాధి కోల్పోయినవారి కోసం అమెరికా 1962లోనే ఒక సహాయ పథకం ప్రారంభించింది. అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ గడువు పొడిగించకపోవడంతో 2022 జులై నుంచి అందులోకి కొత్తవారిని తీసుకోవడం ఆగిపోయింది.