అప్‌డేట్: ఎండ ఉన్నా, కరెంటు పోగానే సోలార్ ఎందుకు ఆగిపోతోంది?

మిట్టమధ్యాహ్నం కూడా, వీధిలో కరెంటు పోగానే ఇంటిమీది సోలార్ ఆగిపోతోందని అడిగాను కదా, విషయం తేలింది. స్పందించిన అందరికీ కృతజ్ఞతలు.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూశారు. దేనిలోనూ లోపం లేదు. మాది గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు సరఫరాకు, కలిపిన ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పరికరం). గ్రిడ్ వోల్టేజీ పోతే అది తనంతట తానే ఆగి తీరాలి. లేకపోతే మన కరెంటు బయటి తీగల్లోకి వెళ్లి, స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. ఇలా తానే ఆగిపోవడాన్నే యాంటీ ఐలాండింగ్ అంటారు. ‘ఇన్వర్టర్ రకం చూడండి’ అన్నవారి మాటే నిజమైంది. కొందరు అనుమానించినట్టు ప్యానెళ్ల మీది దుమ్ముకూ, పాత వైరింగుకూ దీనితో సంబంధమే లేదు. (దుమ్ము కడిగించాను, అది వేరే సంగతి.)

ఇప్పుడు హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టించాం. కరెంటు పోగానే అది ఇంటిని గ్రిడ్ నుంచి విడదీసి నడుపుతోంది. బ్యాటరీ కొనేవారు రెండు అంకెలూ అడగండి. మాదాని మీద 5 కిలోవాట్లు, 10 కిలోవాట్ అవర్లు అని ఉంది. మొదటిది ఒకేసారి ఎంత లోడు మోయగలదో చెబుతుంది, రెండోది మొత్తం నిల్వ. 500 వాట్లే వాడితే లెక్కప్రకారం 20 గంటలు, నిండు లోడు పెడితే 2 గంటలే. అమ్మేవారు రెండో అంకెనే గట్టిగా చెబుతారు! ఎక్కువ లోడు లాగే గీజరును మాత్రం, బ్యాటరీతో నడిచే బ్యాకప్ లైను నుంచి తప్పించాం.